వేపచెట్టు కింద కాపలా

నేనొక ఫిట్‌నెస్ బ్యాండ్‌ని. నల్ల రబ్బరు పట్టీ, బొటనవేలంత తెర. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్న కొత్త వాచీ కొనుక్కుని, నన్ను గుంటూరులో ఉన్న చెల్లెలికి ఇచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్ల. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఒక మృగశిర కార్తెకి నాయనమ్మ నాంపల్లి దాకా తీసుకెళ్లి చేపమందు కూడా మింగించిందట.

ఆటల పీరియడ్‌లో పిల్లలంతా గ్రౌండ్‌లోకి పరుగెత్తేవాళ్లు. ఈ పిల్ల వేపచెట్టు కింద కూర్చుని వాళ్ల బ్యాగులకూ నీళ్ల సీసాలకూ కాపలా కాసేది. "నీకెందుకమ్మా, కూర్చో" అనేవారు డ్రిల్ సారు. ప్రేమతోనే అనేవారు. ఆ ప్రేమే మూడేళ్లు కూర్చోబెట్టింది. కూర్చున్నకొద్దీ ఒంట్లో సత్తువ తగ్గింది. సత్తువ తగ్గేసరికి మేడమెట్లు ఎక్కినా ఆయాసమే. ఆయాసపడుతోందని మళ్లీ కూర్చోబెట్టేవారు.

నా కడుపులో కదలికను పసిగట్టే చిన్న చిప్పు ఉంటుంది. చర్మాన్ని తాకే వైపు ఆకుపచ్చ దీపం ఉంటుంది. ఆ వెలుగును నెత్తురు పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద నెత్తురు పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగొచ్చే వెలుగులో తేడాను బట్టి నాడి లెక్కపెడతాను. ఊపిరి బిగిస్తోందో లేదో మాత్రం నాకు తెలియదు. ఆ సంగతి నాతో సహా ఎవరూ గుర్తుంచుకోలేదు.

రోజుకు పదివేల అడుగులన్నది నాలో ముందే పెట్టి ఉన్న లక్ష్యం. ఆ అంకె జపాన్ నుంచి వచ్చింది. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటేడు, 1965లో, అక్కడొక అడుగుల మీటరును 'మాన్పోకెయ్' అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. సరుకుకు పెట్టిన పేరే తప్ప, ఏ వైద్యుడూ ఉబ్బసం పిల్లను పరీక్షించి రాసిచ్చిన మోతాదు కాదు.

క్లాసు పిల్లలు ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎవరెన్ని అడుగులు వేశారో రాత్రికల్లా ర్యాంకులు వచ్చేవి. ఈ పిల్లది ఎప్పుడూ ఆఖరి పేరు. ఫిబ్రవరి నెల. మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్నాయి, గాలిలో ఘాటు. ఒక సాయంత్రం 8,100 అడుగుల దగ్గర ఉన్నాం. నేను మణికట్టు మీద వణికి, ఇంకా 1,900 అని చూపించాను. ఆమె పరుగందుకుంది. సందు మలుపులో కూలబడిపోయింది. ఇన్‌హేలర్ ఇంట్లో ఉంది. పక్కింటి పిన్ని కేకలు విని వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చేదాకా పిల్ల ఛాతీ ఎగసిపడుతూనే ఉంది. అంతసేపూ నా తెర మీద మిగిలిన అడుగుల లెక్క వెలుగుతూనే ఉంది. ఆ తప్పు నాది.

నన్ను తీసి పారేస్తారనుకున్నాను. డాక్టరుగారు మాత్రం, "ఉంచమ్మా. అడుగులు తీసేసి నిమిషాలు పెట్టు. ఆడేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు" అన్నారు. ఆటకు పావుగంట ముందు ఇన్‌హేలర్, ఆ తర్వాత పది నిమిషాలు మెల్లగా నడక. ఊపిరి బలం కొలిచే పీక్‌ఫ్లో మీటరు ఒకటి నాకు తోడొచ్చింది. రోజూ పొద్దున్నే మూడుసార్లు గట్టిగా ఊది, వచ్చిన పెద్ద అంకెను ఫోన్‌లో రాస్తుంది. ఆమె ఊదిన వాటిలో మేలైనది 320. అందులో 80 శాతం, అంటే 256 దాటితే గ్రౌండ్‌కు. తగ్గితే ఆట లేదు, డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి మందు. సగానికి పడిపోతే వెంటనే మందు వేసి ఆసుపత్రికి. మిర్చి ఘాటు ఎక్కువున్న రోజు బయటికి కాదు, వసారాలోనే వ్యాయామం. ర్యాంకుల గ్రూపులోంచి ఆమె బయటికొచ్చేసింది. ఇప్పుడు నేను ఆమెను నిన్నటి ఆమెతో తప్ప ఎవరితోనూ పోల్చను.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినప్పుడు, వైకల్యాలున్న పిల్లలనూ అందులో కలిపింది. కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచమంది. డ్రిల్ సార్లందరికీ నా మనవి ఒకటే: 'కూర్చో' అనేముందు, 'ఇవాళ ఎంతవరకు ఆడగలవమ్మా?' అని ఒక్కసారి అడగండి. మా సారు ఫోన్‌లోని గ్రాఫు చూశాక అడగడం మొదలుపెట్టారు.

మొదటి రోజు ఆరు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఆగింది. నిన్న 34. టెన్నికాయిట్ ఆడింది. వేపచెట్టు కింద బ్యాగులకు కాపలా ఎవరూ లేరు.