కెప్టెన్ వయసు ముప్ఫై ఆరు

ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?

1979లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధనపై పనిచేసే బృందమొకటి ఈ లెక్కను రెండు, మూడు తరగతుల పిల్లలు 97 మందికి ఇచ్చింది. వాళ్లలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి కెప్టెన్‌కు వయసు కట్టేశారు. ఇరవై ఆరూ పదీ ముప్ఫై ఆరు. ఓడ నడపడానికి తగిన వయసే!

మేకలకూ కెప్టెన్ పుట్టిన తేదీకీ సంబంధమేమిటని పిల్లలు అడగలేదంటే తప్పు వాళ్లది కాదు. బడిలో లెక్కంటే అంకెలుంటాయి, వాటికి జవాబుంటుంది, అది రాయకపోతే మార్కుండదు. ఈ మూడు సూత్రాలూ ఆరేళ్లకే ఒంటబడతాయి. మన పిల్లలైతే ఇంకో అడుగు ముందే ఉంటారు. లెక్క చదవకుండానే "టీచర్, ఇది కూడికా, తీసివేతా?" అంటారు. అదీ అడగనక్కర్లేకుండా పెద్దలు చిట్కా చెప్పేస్తారు: ‘మొత్తం’ అని కనబడితే కలుపు, ‘మిగిలాయి’ అని కనబడితే తీసెయ్.

ఇప్పుడు చూడండి. రాము తన గోళీల్లో 5 తమ్ముడికి ఇచ్చాక 7 మిగిలాయి. మొదట ఎన్ని ఉండేవి? ‘మిగిలాయి’ అన్నది కంటబడగానే పిల్లవాడు ఏడులోంచి అయిదు తీసేసి 2 వేస్తాడు. రెండే ఉన్నవాడు అయిదెలా ఇచ్చాడు? అది రాము చూసుకుంటాడు, ఇక్కడ టైమైపోతోంది.

కథ ముందుకు నడుస్తూ లెక్క వెనక్కి నడవాల్సిన ఇలాంటి ప్రశ్నలే చిన్న తరగతుల్లో బాగా కష్టమని గణిత విద్య పరిశోధకులు ఏనాడో గమనించారు. 2016లో ఇంగ్లండ్‌లో ఆరేడేళ్ల పిల్లల జాతీయ పరీక్షలో వచ్చిందీ ఇదే రకం. రైల్లో కొంతమంది ఉన్నారు. మొదటి స్టేషన్‌లో 19 మంది దిగారు, 17 మంది ఎక్కారు. ఇప్పుడు 63 మంది ఉన్నారు. మొదట ఎంతమంది? పరీక్ష రాసింది పిల్లలు, కొట్టుకున్నది పెద్దలు. ఎక్కినవాళ్లను తీసేసి, దిగినవాళ్లను కలిపితే 65. సగం దారిలో ఆగిపోయినవాళ్లకు 46. మన జనరల్ బోగీలో అయితే ఆ 19 మంది దిగకముందే ఈ 17 మందీ ఎక్కేసి ఉంటారు, అది వేరే లెక్క.

ఇంగ్లండ్ 2023-24 నుంచి ఆ వయసు పరీక్షలను ఐచ్ఛికం చేసింది. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్లవాళ్లకు ఎక్కాల పరీక్ష మాత్రం తప్పదు: కంప్యూటర్ ముందు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. మన తాతలు "పన్నెండెనిమిదులు..." అని రాగం తీసేలోపు తొమ్మిదో సెకను దాటుతుంది.

గొర్రెల ఓడ 2018లో చైనాలో మళ్లీ తేలింది. సిచువాన్ రాష్ట్రంలో అయిదో తరగతి పేపర్లో ఇదే ప్రశ్న. పిల్లలు ప్రశ్నను ప్రశ్నిస్తారేమో చూడాలనుకున్నామని అక్కడి విద్యాధికారులు చెప్పారు. ఈలోగా నెట్‌లో ఒకాయన జంతువుల బరువు కట్టి, అంత సరుకు మోసే ఓడకు లైసెన్సు నిబంధనలు తీసి, కెప్టెన్‌కు కనీసం 28 ఏళ్లుండాలని తేల్చాడు. అలాంటి జవాబుకు మార్కులివ్వగల గురువు కావాలి. సున్నాలు దిద్దే ఓఎమ్మార్ షీటు ఇవ్వలేదు.

ఆ షీటు ఇప్పుడు మన ఒకటో తరగతికీ దిగింది, ఒలింపియాడ్ పేరుతో. ఈ వ్యాసకర్త ఎదురింటి రెండో తరగతి బుడతడు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి సున్నాలు దిద్దుతాడు. గీత దాటకూడదు, కాగితం చిరగకూడదు. ఏడో ప్రశ్న జవాబు ఎనిమిదో వరుసలో పడిందా, కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు జారతాయి. రిపోర్టులో మాత్రం "కూడికల్లో శ్రద్ధ అవసరం" అని వస్తుంది.

రైలు లెక్క చెడ్డదేం కాదు. చింతగింజలు పోసుకుని, ఎక్కిస్తూ దించుతూ ఆడితే ఏడేళ్లవాడికి మంచి సరదా. దాన్నే నోరెత్తకూడని గదిలో, గడియారం కింద, ఒక్క గడిలో జవాబు వేయమంటేనే పేచీ. అక్కడ బయటపడేది వాడి చదివే వేగం, చేతి పట్టు, భయం, లెక్క ఆఖర్న. మన దేశంలోనే 2005 నుంచి జరుగుతున్న, పిల్లలకు చదువూ లెక్కా ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వేలో కార్యకర్త పల్లెలో ఇంటికి వెళ్లి, ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని, అంకెలు చూపించి నోటితో చెప్పించుకుంటాడు. తీసివేత రాకపోతే కింది మెట్టుకు దిగి, రెండంకెల సంఖ్య గుర్తుపడతాడేమో చూస్తాడు. వాడు ఎక్కడ ఆగాడో అక్కడికక్కడే తెలుస్తుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు ర్యాంకు అడిగే ముందు, రెండో తరగతికి ఓఎమ్మార్ ఎందుకని అడగండి. ఇంటికొచ్చాక ఒక్క తప్పు జవాబు దగ్గర కూర్చుని "ఇదెలా వచ్చింది నాన్నా?" అనండి. వాడు చెప్పేదాకా ఆగండి.