పైన బ్యాంకు, క్రింద బొగ్గు

గోదావరిఖనిలో స్వగృహము సంపాదింపనెంచిన గృహస్థునకు మఱియొక పట్టణమున సులభముగ దొరకని సౌకర్యమొకటి కలదు. ఇంటిమీద బ్యాంకువారి తనఖాయు, ఇంటిక్రింద సింగరేణి కంపెనీవారి బొగ్గును ఉండగా, ఆ రెంటి నడుమ మిగిలిన నాలుగు గోడలకు ఏటేట సున్నము వేయించు హక్కు మాత్రము నిర్వివాదముగా ఆతనిదే.

భూగర్భమున పనిచేయు కార్మికుని జాగరూకత లోకవిదితము. తట్టాచెమ్మస్ పట్టిన పాతతరమువాడైనను, ఎస్‌డీఎల్ యంత్రము నడుపు నేటితరమువాడైనను, సర్దారు వచ్చి కప్పును కఱ్ఱతో తట్టి, పలికిన ధ్వని గట్టిదో డొల్లదో విని, పని మొదలుపెట్టవచ్చునని చెప్పువఱకు అడుగు ముందునకు వేయడు. అట్టి బుద్ధిశాలియే బావినుండి పైకి వచ్చి, స్నానముచేసి, ఇల్లు కొనుటకు బయలుదేఱినంతనే, అమ్మకందారు పలికిన "అన్నా, కాయితాలన్నీ క్లియర్ ఉన్నయ్, నువ్వేం ఫికర్ చెయ్యకు" అను వాక్యమును వేదవాక్యముగా స్వీకరించి, దసరా ముందర వచ్చిన లాభాల వాటాను బయానాగా వాని చేతిలో పెట్టి, వాడకట్టున మిఠాయి పంచును. కాయితమును తట్టిచూచు సర్దారును కంపెనీ ఇంకను నియమింపలేదు.

ఆ కాయితములలో అగ్రగణ్యము నోటరీ ముద్ర పడిన స్టాంపు కాగితము. బావులచుట్టు పెరిగిన ఊరగుటచే ఇచ్చట కంపెనీ భూమిమీదనే అసంఖ్యాకముగ ఇండ్లు లేచినవి. నగరపాలకులు ఇంటిపన్ను పుచ్చుకొనగా, విద్యుచ్ఛాఖవారు మీటరు బిగింపగా, జనులు వానిని సాక్షుల నడుమ స్టాంపు కాగితములపై రెండుమూడు తరములుగా కొనుచు, అమ్ముచు వచ్చిరి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను మాత్రము, 100 రూపాయలును అంతకు పైబడిన విలువయును గల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని మొండికెత్తి కూర్చున్నది. విక్టోరియా రాణి నాడు నిర్ణయించిన ఆ నూఱు రూపాయలకు నేడు సిమెంటు బస్తాలో మూడవవంతు వచ్చుట కష్టము; చట్టమునకు ధరలతో పనిలేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా అను త్రిమూర్తులను ఒక్కదారమున కుట్టి యాజమాన్యముగ చెలామణి చేయు విద్యను సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసునందు కొట్టివేసినది. ఆ తీర్పు ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు ఎక్కినదో లేదో గాని, రామగుండము స్టేషనులో దిగుచుండగా చూచినవారు లేరు. సింగరేణి స్థలములలోని ఇండ్లను క్రమబద్ధీకరించు 76వ నంబరు జీవో పుణ్యమా యని కొందఱికి పట్టాలు వచ్చినవి; రానివారికి బ్యాంకు మేనేజరు మంచినీళ్లిచ్చి పంపును.

రిజిస్టరైన ఇల్లే దొరికిన భాగ్యశాలి తీరు వేఱు. "ఈసీ తీసినం సార్, నిల్ వచ్చింది, ఇంకేం భయం?" అని అడుగును. ఈసీ అబద్ధమాడదు; తనకు తెలిసినంతయే చెప్పును. రిజిస్ట్రారు కచేరిలో నమోదైన లావాదేవీలు దానికి తెలియును. తెల్లకాగితముమీద తమ్మునికి వ్రాసియిచ్చిన సాదాబైనామా, తండ్రి ఆస్తిలో వాటాకై చెల్లెలు వేసిన దావా, అంతకుముందే మఱియొకని వద్ద పుచ్చుకొన్న బయానా దాని కంటబడకపోవచ్చును. బ్యాంకు వకీలు చూచెను గదా యందురు. చూచును. ఫీజు మనమిత్తుము, అభిప్రాయము బ్యాంకునకు వ్రాయబడును, అందు బ్యాంకు సొమ్ము భద్రమా కాదా యన్నదే ప్రధాన విచారము. ఆ అభిప్రాయపు ప్రతియొకటి తనకును ఇమ్మని అడుగుట నేరము కాదు. అడిగినవారిని నేనింతవఱకు చూడలేదు. (బదిలీమీద మణుగూరు పోయి ఏజెన్సీలో ఇల్లు కొనదలచిన గిరిజనేతరునకు ఈ శ్రమయే యక్కఱలేదు, 1/70 చట్టము ఆ కోరికను మొదటనే త్రుంచివేసినది.)

ఆస్తి బదిలీ చట్టమునందు నాకు మిక్కిలి ప్రియమైనది 55వ సెక్షను. తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సామాన్యశ్రద్ధతో కనుగొనరాని ముఖ్యలోపమును అమ్మువాడు చెప్పితీరవలెనని దాని శాసనము. ఓసీపీ యను ఉపరితలపు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు గోడన పాఱిన బీట ఎల్లర కంట పడుచుండిన, అది కొనువాని ఖర్మము. ఆ బీటకే అమ్మకమునకు ముందువారము పుట్టీ పెట్టి, లేతపసుపు రంగు వేసి, పైన వేంకటేశ్వరస్వామి పటము తగిలించినచో అమ్మువాని బాధ్యత. కనుక ఇల్లు చూడబోవువారు దేవుని పటములకు భక్తితో నమస్కరించి, పిదప వానిని కొంచెము జరిపిచూచుట మేలు.

సింగరేణి జీతపు చీటీ యనిన బ్యాంకులకు ప్రాణము. పదవీవిరమణ వయస్సు 61 అనునది మాత్రము వారికి మనకంటె బాగుగ జ్ఞాపకముండును. ఇంటికి మూడు ధరలు: దస్తావేజులో ప్రభుత్వమునకు చెప్పునది, మదింపులో బ్యాంకునకు చెప్పునది, నిజముగ చెల్లించునది, మూడవదానిని భార్యకు గూడ చెప్పరు. 30 లక్షలలోపు ఋణమైనచో విలువలో 90 శాతమువఱకు ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు అన్నది గాని, ఇయ్యవలెనని అనలేదు. 2021 జూలై నుండి తెలంగాణలో 7.5 శాతమైన రిజిస్ట్రేషను ఖర్చును, 10 లక్షలు మించిన ఇంటివిషయమున, ఆ విలువలో కలుపరు. ఆ వెలితి పూడ్చుటకు మనవాడు గిరిగిరి ఫైనాన్సు వాకిట నిలిచి, ఏటీఎం కార్డును, సంతకము చేసిన ఖాళీ చెక్కును సమర్పించుకొని, సగౌరవముగ గృహప్రవేశము చేయును. సింగరేణిలో గుర్తింపు కార్మికసంఘపు ఎన్నికలు వచ్చినపుడెల్ల కార్మికుల సొంతింటి పథకము జెండాలపై ఎగురును. 2023 డిసెంబరులోను ఎగిరినది. ఎన్నికల పిదప జెండాలు దించుట ఆచారము.

జమానత్ సంగతి వేఱు. "ఊకె సంతకమే అన్నా, నీకేంగాదు" అను తోటి కార్మికుని మాటకు మొగమోటపడి చేసిన సంతకమును 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను మిక్కిలి గంభీరముగ స్వీకరించును. సామాన్యముగ జమానతుదారు బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సమానము. బ్యాంకు మొదట వానిని తరిమి అలసిన పిదపనే ఇతనిని పట్టవలెనను నియమము లేదు. ఎవరి జీతము సులభముగ దొరకిన వారిదే పట్టవచ్చును. ఋణస్థుడు మరణించిన ఋణమును మరణించునను నమ్మకమొకటి ఖనిలో కలదు. బీమా లేనిచో తనఖా ఇంటినంటియే యుండును. వారసులు తమకు దక్కిన ఆస్తి మేరకు బాధ్యులు.

కిస్తు 90 దినములు దాటి నిలిచినచో ఖాతా మొండిబాకీ యగును. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద 60 దినముల నోటీసు, ఆపై దావా వేయకయే స్వాధీనము, పత్రికలో ప్రకటన. పత్రికలో పేరు చూచుకొనవలెనని చిరకాలముగ ఉవ్విళ్లూరువారికి ఇంతకన్న సులభోపాయము లేదు. 2016 సవరణ పిదప, వేలపు ప్రకటన వెలువడకముందే బాకీ కట్టి ఇంటిని విడిపించుకొనవలెను. స్వాధీనముపై అభ్యంతరమున్నచో 45 దినములలో ఋణవసూళ్ల ట్రైబ్యునలునకు పోవలెను. పోస్టుమానును చూచి వెనుకవాకిట పాఱిపోవుటను చట్టము పరిహారముగ గుర్తింపలేదు.

కిస్తులన్నియు కట్టి ఒడ్డెక్కినవారికి ఒక మాట. 2023 డిసెంబరు 1 నుండి అమలులోనున్న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారము, అప్పు పూర్తిగ తీరిన 30 దినములలోపల మీ అసలు దస్తావేజులు మీకు తిరిగి రావలెను. బ్యాంకు తప్పిదమున ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు మీకు చెల్లింపవలెను. చివరి కిస్తు కట్టిననాడే తేదీ వేసిన రశీదు పుచ్చుకొనుడు.