ఆరంగుళాల పలక

మొదటిరోజే పిల్లలు నన్ను చూసి పెదవి విరిచారు. "రంగుల్లేవా టీచర్? వీడియో రాదా?" ఫోన్లు చూసి పెరిగినవాళ్లు మరి! నేను ఈ-రీడర్‌ని. తెల్లపొడి, నల్లపొడి తప్ప నా దగ్గర సరుకేమీ లేదు. తెర కింద కంటికి ఆనని గుళికలుంటాయి, వాటిలో ఈ రెండు పొడులు. కరెంటు తగిలితే ఒకటి పైకి తేలుతుంది, ఇంకోటి మునుగుతుంది. అదే అక్షరం. ఒకసారి పేజీ పడ్డాక దాన్ని నిలపడానికి మళ్లీ కరెంటు అక్కర్లేదు. ఇక్కడ, తమిళనాడులోని కోవిల్‌పట్టి ఎండలో ఫోను తెర మన మొహాన్నే మనకి చూపిస్తుంది. నేను మాత్రం ఆరుబయట కూడా కాగితంలాగే ఉంటాను.

నన్ను కొన్నది టీచరమ్మ, సొంత జీతంతో. విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా రోజూ బస్సులో ఈ నల్లరేగడి పల్లెకి వస్తుంది. మాజీ ముఖ్యమంత్రి కామరాజ్ పుట్టిన ఊరు మాది అని సందర్భం ఉన్నా లేకపోయినా చెబుతుంది. ఇరవైమంది పిల్లలకి నేనొక్కదాన్నే. వంతులు, తగువులు, నా ఒంటినిండా కడలైమిట్టాయి జిగురు. ఈ కోవిల్‌పట్టి పల్లీపట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటారు గానీ, ఆ బెల్లంవేళ్లతో నన్ను తాకితే పేజీ తిరగదు.

2022లో తమిళనాడు ప్రభుత్వం చిన్న తరగతులకి 'ఎణ్ణుం ఎళుత్తుం' (అంకె, అక్షరం) పథకం మొదలుపెట్టింది. కరోనా సెలవుల్లో చదువు మరిచిన పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ అని మూడు మెట్లుగా చేసి చదివించారు. మొగ్గ, పువ్వు అని పేర్లెంత ముద్దుగా పెట్టినా, ఎదిగిన పిల్లాడికి తానింకా 'అరుంబు' అని తెలిస్తే ముడుచుకుపోతాడు. అలాంటివాడొకడు నన్ను తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. టీచరమ్మ అక్షరాలు పెద్దవి చేసింది. వరసకి మూడే మాటలు. నిండుపేజీ చూస్తే పారిపోయేవాడు ఆ మూడు మాటలూ చదివాడు, నొక్కాడు, మళ్లీ మూడు చదివాడు. వాడు చదివేది ఏ తరగతి పుస్తకమో నా అట్ట చూసి ఎవరూ చెప్పలేరు.

అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ రచయిత కి. రాజనారాయణన్ తెలుగింటివాడు. ఆంధ్ర నుంచి తరలివచ్చినవాళ్ల కథ 'గోపల్ల గ్రామం' తమిళంలో రాశాడు. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరం మాత్రం ఎరగరు.

స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఒకే కథ తమిళంలోనూ తెలుగులోనూ ఉచితంగా దొరికింది. టీచరమ్మ నాలోకి ఎక్కించింది. నా పరువు పోయింది. 'అమ్మ' అన్న మాట అమ్, మ అని విడిపోయి నిలబడింది. నాకు వత్తులు కట్టడం రాదు! టీచరమ్మ వాళ్ల నాన్న దగ్గర పెద్దబాలశిక్షలో అక్షరాలు దిద్దుకున్న మనిషి కాబట్టి కనిపెట్టింది గానీ, లేకపోతే పిల్లలు తెలుగంటే అదేననుకునేవాళ్లు. పీడీఎఫ్ చేసి పెడితే వత్తులు చక్కగా కిందకి చేరాయి, కానీ అక్షరాలు చీమలైపోయాయి. చివరికి నన్ను అడ్డంగా తిప్పి, సగం సగం పేజీ చూపించడం మొదలుపెట్టింది.

ఒక పిల్లకి 'గ' తెగ నచ్చింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా. "గాలికి వేరే, కాలికి వేరేనా టీచర్?" అని రెండ్రోజులు కనబడ్డ మాటల్లో గకారాలు ఏరుకుంది.

ఒక శనివారం నన్ను ఆ పిల్లతో ఇంటికి పంపారు. దారిలో ఆ పిల్ల చేతిలోంచి జారి రాయి మీద పడ్డాను. పైమూల చిట్లి నల్లచారలు పడ్డాయి, ఇక పేజీ తిరగలేదు. కిందిసగం మాత్రం ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. సోమవారం టీచరమ్మ తిట్టలేదు, "నువ్వే ఉంచుకో" అంది.

ఇప్పుడు నా బ్యాటరీ చచ్చిపోయింది. ఆ సగం పేజీ మాత్రం చెరగలేదు. సాయంత్రాలు పిల్ల అరుగు మీద వేలుపెట్టి చదువుతుంది. "వ...ర్షం వచ్చింది."

"వర్షమంటే ఏందే?" అంటుంది అవ్వ.

పిల్ల బొమ్మ చూపిస్తుంది.

"వాననా! వాన అని రాయడానికి వాళ్లకేం?"

పిల్ల ఒక క్షణం ఆలోచించి మళ్లీ మొదటినుంచి చదువుతుంది. "వాన వచ్చింది."