ప్రశ్నలు రెండు రోజుల ముందే రాసివ్వవలెను

మన కాలేజీలకు పౌరచైతన్యం పూనింది. ఏ ప్రాస్పెక్టస్ తిరగేసినా ప్లేస్‌మెంట్ ప్యాకేజీల పేజీకీ ఏసీ బస్సుల పేజీకీ నడుమ "బాధ్యతగల పౌరులను తీర్చిదిద్దుటయే మా ధ్యేయం" అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద యూనిఫాంలో వరసగా నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తున్న పిల్లల ఫోటో. ఏమని ప్రతిజ్ఞ చేశారో వాళ్లనడిగితే చెప్పలేరు. సరిగ్గా రాలేదంటూ ఫోటోగ్రాఫర్ మూడుసార్లు చెయ్యి చాపించిన సంగతి మాత్రం చెబుతారు.

ఈ చైతన్యానికి ఒక క్యాలెండర్ ఉంది. సెప్టెంబరు 24 ఎన్‌ఎస్‌ఎస్ దినోత్సవం. గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఆ పథకం నినాదం "నేను కాదు, నువ్వు". మన కాలేజీలు దాన్ని అక్షరాలా పాటిస్తాయి. ప్రిన్సిపాల్ గారు చీపురు పట్టుకుని ఫోటో దిగి, "ఇక నువ్వు" అని పక్కవాడి చేతికిస్తారు. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. ఆలోచనకూ భావప్రకటనకూ స్వేచ్ఛ ఉందని చెప్పే పీఠికను వెయ్యిమంది ఒకే గొంతుతో చదువుతారు. చదవడం అయ్యీ కాకముందే పీడీ సారు మైకు అందుకుని "సైలెన్స్!" అంటారు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. 1950లో ఎన్నికల సంఘం ఏర్పడిన రోజది, 2011 నుంచి పండగ చేస్తున్నాం. ఆ రోజు అట్టముక్కలు పట్టుకుని కాలేజీ గేటు నుంచి కూడలి దాకా వెళ్లి, రెండో పీరియడ్‌కల్లా వెనక్కి వచ్చేస్తారు. ఏ నినాదాలివ్వాలో ముందే టైపు చేసి పంచుతారు. ఆ కాగితంలో లేని నినాదం ఎవడైనా ఇచ్చాడా, అది ర్యాలీ కాదు, ఆందోళన. వాడు పౌరుడు కాదు, తల్లిదండ్రులను పిలిపించవలసిన కుర్రాడు.

ఇదంతా ఎవరి కోసమని అడక్కండి. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం కోసం. సమాజంతో కాలేజీ ఏపాటి కలిసి నడిచిందో వాళ్లు ఆధారాలడుగుతారు. ఆధారమంటే ఫోటో, అదీ జియోట్యాగ్ ఉన్న ఫోటో. మొక్క బతికిందా చచ్చిందా అన్నది అనవసరం, నాటిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లో ఉంటే చాలు. పాలనా సంఘాల్లో విద్యార్థులకు ప్రాతినిధ్యం ఉందా అని కూడా అడుగుతారు. ఉండకేం? బృందం వచ్చే ముందు రోజు సాయంత్రం "స్టూడెంట్ కౌన్సిల్" ఏర్పడుతుంది. హాజరు బాగున్నవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు, నోరు పెద్దగా రానివాళ్లు సభ్యులు. తాము ప్రతినిధులమని వాళ్లకు తెలిసేది బ్యాడ్జి పెట్టుకున్నాకే. ఎవరికి ప్రతినిధులో బ్యాడ్జి మీద రాసి ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. 180 గంటలు జనంలో తిరగాలి, ఇంటింటి సర్వే చేయాలి, లాగ్‌బుక్ రాయాలి. ఆలోచన మంచిదే, కాదనను. కొందరు పిల్లలు నిజంగానే వెళ్తారు. మురుగుకాలవ ఎక్కడ ఆగిందో, ఏ వీధికి కుళాయి నీళ్లు రావో రాసుకొస్తారు. మిగతావాళ్లకు జిరాక్స్ షాపు ఉంది, ఊరి పేరు మార్చుకుంటే సరిపోతుంది. కానీ వెళ్లినవాడి రిపోర్టూ, జిరాక్స్ తీసినవాడి రిపోర్టూ చివరికి ఒకే బీరువాలో పక్కపక్కన కూర్చుంటాయి. ఊళ్లో ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. పద్దెనిమిది నిండిన ఈ కుర్రాడు కూడా సభ్యుడే. "నాయనా, ఈ లెక్క తీసుకెళ్లి గ్రామసభలో చదువు, సర్పంచ్‌ను జవాబడుగు" అని ఒక్క మెంటారు కూడా చెప్పడు. చెబితే అది ప్రాజెక్టు కాకుండా పోతుంది, రాజకీయం అయిపోతుంది. నాలుగు క్రెడిట్లకు రాజకీయం ఎవరికి కావాలి?

ఇక స్వేచ్ఛాయుత చర్చ. దీనికి ఫ్లెక్సీ తప్పనిసరి. ఫ్లెక్సీ మీద ఛైర్మన్ గారు, కరస్పాండెంట్ గారు, వారి అబ్బాయి గారైన డైరెక్టరు ఉంటారు. చర్చించబోయేవాళ్ల బొమ్మలకు చోటు మిగలదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, పుష్పగుచ్ఛం, శాలువా, అతిథి పరిచయం, అతిథి ప్రసంగం, అతిథిని ప్రశంసిస్తూ మరో ప్రసంగం అయ్యాక, "ఇప్పుడు విద్యార్థులు స్వేచ్ఛగా ప్రశ్నలు అడగవచ్చు" అని ప్రకటిస్తారు. ఆ స్వేచ్ఛ రెండు రోజుల కిందటే హెచ్‌ఓడీ గారి గదిలో వడపోతకు వచ్చింది.

"ఇదేంటమ్మా, హాస్టల్లో నీళ్ల గురించి రాశావు?"

"రావట్లేదు సార్."

"అది మనింటి విషయం తల్లీ, బయటివాళ్ల ముందు ఎందుకు? మంచి ప్రశ్న అడుగు. జీవితంలో లక్ష్యం ఎలా సాధించాలి అని అడుగు."

కాబట్టి అందరూ లక్ష్యం గురించే అడుగుతారు. మూడో ప్రశ్నకల్లా అతిథి గారికి రైలు టైమవుతుంది. "సమయాభావం వల్ల" అన్న మాటతో చర్చ ముగిసి, వందన సమర్పణ మొదలవుతుంది. ఈ దేశంలో భావప్రకటన స్వేచ్ఛను అణచడానికి చట్టాలు అక్కర్లేదు, వందన సమర్పణ చాలు.

యూత్ పార్లమెంట్ ఇంకా ముచ్చటైనది. కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ బడులతో మొదలుపెట్టిన పోటీ ఇది. అందులో పిల్లలు ప్రధాని అవుతారు, స్పీకర్ అవుతారు, ప్రతిపక్షమై వెల్‌లోకి దూసుకొస్తారు. ద్రవ్యోల్బణంపై నిలదీస్తారు, రైల్వే మంత్రి రాజీనామా కోరతారు. వార్డెన్ రాజీనామా కోరిన ప్రతిపక్షం మాత్రం ఇంతవరకు ఏ యూత్ పార్లమెంటులోనూ పుట్టలేదు. క్రమశిక్షణకు విడిగా మార్కులున్న పోటీ అది. మన అసలు శాసనసభలు పాల్గొంటే మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేస్తాయి.

ఈ తంతులన్నిటికీ వెనక ఉన్న సూత్రం ఒక్కటే. గేటు బయటి ప్రపంచం గురించి విద్యార్థి ఎన్ని అభిప్రాయాలైనా చెప్పవచ్చు. ఓజోన్ పొర గురించి, ఐక్యరాజ్యసమితి సంస్కరణల గురించి, ప్లాస్టిక్ గురించి గొంతు చించుకోవచ్చు. గేటు లోపలి లెక్క అడగకూడదు. పరీక్ష ఫీజుతో పాటు వసూలు చేసే ఆ "ఇతర" రుసుము ఏమిటి, మెస్ కాంట్రాక్టు ఎవరిది, సర్టిఫికెట్లు ఎందుకు ఆపారు అన్న ప్రశ్నలు పౌరచైతన్యం కిందికి రావు. అవి క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తాయి.

చరిత్ర కూడా ఇక్కడ మనతో హాస్యమాడింది. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి 28న అమల్లోకి వచ్చి ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. ఢిల్లీ పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతిలో దేశం పెట్టిన రోజుల్లోనే, 1980ల చివర్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్యాంపస్‌లలో విద్యార్థి సంఘం ఎన్నికలు ఆగిపోయాయి. లోక్‌సభను ఎన్నుకునేంత బుద్ధి వచ్చింది కానీ, కాలేజీ సంఘానికి కార్యదర్శిని ఎన్నుకునేంత బుద్ధి ఇంకా రాలేదని తేలింది. ఆ తేల్చినవాళ్ల వారసులే ఇప్పుడు వేదికలెక్కి "యువత రాజకీయాల్లోకి రావాలి" అంటారు. ఏ దారిన రావాలో చెప్పరు. తండ్రి ఎమ్మెల్యే అయితే దారి ఇంట్లోంచే ఉంది, మిగతావాళ్లు వెతుక్కోవాలి.

ఆ దారి ఒకప్పుడు ఉండేది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం తలుపులు మూసుకుంటే నాగపూర్ వెళ్లి చదువుకున్న కుర్రాళ్లలో ఒకరు తరువాత ప్రధాని పి.వి. నరసింహారావు. 1973–74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైన వెంకయ్యనాయుడు 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. వీళ్ల రాజకీయాలతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. వీళ్లకు ఎదురుమాట చెప్పడం నేర్పింది మాత్రం గుడ్ కాండక్ట్ సర్టిఫికెట్ కాదు.

"అప్పట్లో క్యాంపస్‌లో రక్తం పారింది కదండీ" అంటారు. పారింది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని పొడిచి చంపారు. ఆ తరువాత కూడా కత్తులు దిగాయి. దాన్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు. కానీ పంచాయతీ ఎన్నికల్లో తలలు పగలడం లేదా? పోలింగ్ బూత్‌ల దగ్గర కర్రలు లేవడం లేదా? ఆ ఎన్నికలు రద్దు చేసి, సర్పంచ్ పదవిని హాజరు శాతాన్ని బట్టి ఇద్దామని ఎవరూ అనలేదే?

పైగా ఈ భయానికి మందు ఎప్పుడో రాసిచ్చారు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ విద్యార్థి సంఘం ఎన్నికలపై చేసిన సిఫార్సులను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ఆదేశించింది. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నిక జరగాలి. మొత్తం తంతు పది రోజుల్లో ముగియాలి. అచ్చేసిన పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే పెట్టాలి. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, అంటే దానికి 800 రెట్లు. ఆ 40 లక్షలు కూడా ఎవరూ దాటరని మనం నమ్ముతున్నాం కాబట్టి, ఈ 5,000 విషయంలోనూ కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు. పరిస్థితులు అనుకూలించని చోట కొంతకాలం నామినేషన్ పద్ధతిలో సభ్యులను తీసుకుని, ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని కూడా కమిటీ చెప్పింది. మన యాజమాన్యాలు ఆ వాక్యంలో సగమే చదివాయి. నామినేషన్ దగ్గర ఆగిపోయాయి. ఐదేళ్లు 2011తోనే అయిపోయాయి.

హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతాయి. గెలిచినవాళ్లు ఊరేగుతారు, ఓడినవాళ్లు వచ్చేసారి చూసుకుందాం అనుకుంటారు. మర్నాడు క్లాసులు నడుస్తాయి. తార్నాకలోని ఉస్మానియాలో మాత్రం అవి శాంతిభద్రతల సమస్య. ప్రజాస్వామ్యానికి గచ్చిబౌలి గాలి పడుతుంది, తార్నాక నీళ్లు పడవు కాబోలు. 2025 మార్చిలో ఉస్మానియా అధికారులు విభాగాల్లో, పరిపాలనా భవనం దగ్గర ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ కూడా ఇచ్చారు. ఏ క్యాంపస్ నినాదాలు తెలంగాణ రాష్ట్రం తెచ్చిపెట్టాయో ఆ క్యాంపస్‌లోనే!

ఎన్నికలు తీసేస్తే క్యాంపస్ నుంచి రాజకీయాలు పోయాయా? ఎక్కడికీ పోలేదు. లెక్కచెప్పవలసిన పని మాత్రమే పోయింది. పార్టీల విద్యార్థి విభాగాలు అలాగే ఉన్నాయి, బంద్ పిలుపులిస్తున్నాయి. ఎంతమంది విద్యార్థుల తరఫున మాట్లాడుతున్నారో వాళ్లకూ తెలియదు, తెలుసుకోవడానికి బ్యాలెట్ పెట్టె లేదు. అందుకని వాళ్ల చూపు హాస్టల్ వైపు కాక పార్టీ ఆఫీసు వైపు ఉంటుంది. మిగిలిన చోటు కులసంఘాలు, హీరోల అభిమాన సంఘాలు పంచుకున్నాయి. పొలాన్ని బీడు పెట్టి, ముళ్లకంప మొలిచిందని వాపోతే ఎలా? వేరే కులంవాడి మద్దతు అడగవలసిన అవసరం, ఓడిపోయి మర్నాడు అదే క్లాసులో కూర్చోవలసిన అవసరం ఇరవై ఏళ్లలోపే రావాలి. అది రాకుండా పెరిగినవాడికి ప్రత్యర్థి అంటే శత్రువే.

నిజమైన పౌరచైతన్యం వచ్చినప్పుడు ఏం చేస్తామో కూడా చూశాం. 2025 మార్చి 30న, ఉగాది పూట, అదే గచ్చిబౌలి కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టే యంత్రాలు దిగాయి. పర్యావరణ దినోత్సవాల్లో పచ్చదనంపై వ్యాసరచన బహుమతులు పుచ్చుకుని పెరిగిన పిల్లలు అడ్డంపడ్డారు. వాళ్లను పోలీసు వ్యాన్లెక్కించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. చెట్ల మీద వ్యాసం రాయాలి గానీ చెట్టు దగ్గరికి వెళ్లకూడదన్న చిన్న నియమం వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక అసలు పాఠం చెప్పింది యాజమాన్యాలే. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల యాజమాన్యాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించాలంటూ కాలేజీలు మూసేసి బంద్ చేశాయి. న్యాయమైన కోరికే, రావలసిన డబ్బు అడిగారు. ఏళ్ల తరబడి "సంప్రదింపులతో సాధించుకోవాలి, రోడ్డెక్కకూడదు" అని పిల్లలకు నీతులు చెప్పిన పెద్దలు, తమ వంతు వచ్చేసరికి సజెషన్ బాక్సులో చీటీ వేసి ఊరుకోలేదు. సంఘం పెట్టుకున్నారు, నాయకులను ఎన్నుకున్నారు, గడువు విధించారు, తాళం వేశారు. ప్రభుత్వం దిగివచ్చి మాట్లాడింది. సంఘటిత పౌరచైతన్యం మీద ఇంతకన్నా మంచి వర్క్‌షాప్ మన కాలేజీలు ఇంతవరకు నిర్వహించలేదు.

కాబట్టి అయ్యలారా, కొత్త కోర్సులేమీ వద్దు. ఈ జనవరి 25న ర్యాలీ మానేసి మెస్ కమిటీకి రహస్య బ్యాలెట్‌తో ఎన్నిక పెట్టండి. గెలిచిన పిల్లలకు కాంట్రాక్టు కాగితం, నెలవారీ బిల్లులు చూపించండి. రెండు నెలలకోసారి ప్రిన్సిపాల్ గారు పూలగుత్తి లేకుండా, అతిథి లేకుండా, ముందుగా రాయించని ప్రశ్నలకు గంటసేపు జవాబు చెప్పాలి. దీనికి ఫ్లెక్సీ ఖర్చయినా ఉండదు. అడిగితే కాలేజీ పరువు పోతుందంటారా? మీరు ప్రభుత్వాన్ని అడిగారు, మీ పరువేమీ పోలేదు. అడిగే హక్కు ఫీజు పుచ్చుకునేవాళ్లకే గానీ కట్టేవాళ్లకు లేదన్న నిబంధన రాజ్యాంగంలో ఏ అధికరణంలో ఉందో, పీఠిక చదివించే రోజున ఆ పేజీ కూడా తీసి చూపించండి.