అడ్మిన్ గారు టైప్ చేస్తున్నారు

టీచర్లను సోషల్ మీడియాలో ఒక్కచోట చేర్చి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేలా చేయాలన్న మన విద్యాశాఖల సంకల్పం దిగ్విజయంగా నెరవేరింది. అనుమానమున్నవాళ్లు ఏ మండలంలోనైనా ఏ పంతులుగారి ఫోనైనా తీసి చూడొచ్చు. హెచ్‌ఎంల గ్రూపు, కాంప్లెక్స్ గ్రూపు, మధ్యాహ్న భోజనం గ్రూపు, మరుగుదొడ్ల గ్రూపు, ఎన్నికల డ్యూటీ గ్రూపు, అర్జెంట్ గ్రూపు, మోస్ట్ అర్జెంట్ గ్రూపు. ఇన్ని గ్రూపుల్లో ఉన్న మనిషికి తోటి ఉపాధ్యాయుల సాంగత్యం కరువైందంటే పాపం తగులుతుంది.

2018లో వాట్సాప్‌ వాళ్లు గ్రూపులకు ఒక మీట తగిలించారు: ఇకపై అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరు. మిగతా ప్రపంచం దాన్ని ఎందుకు వాడుకుందో గానీ, దాని మహిమను పూర్తిగా గ్రహించింది మాత్రం మన ఆఫీసులే. వందమంది టీచర్లను పోగుచేసి, వంద నోళ్లకూ ఒకే వేలితో తాళం వేయడం సామాన్యమా! పూర్వం ఇదే పనికి సర్క్యులరు, రబ్బరు స్టాంపు, సైకిలు మీద తిరిగే అటెండరు కావలసి వచ్చేవి.

నోరు తెరిచే వీలున్న గ్రూపుల్లో చర్చ మహా రసవత్తరంగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పైనుంచి మెసేజ్ దిగుతుంది: "రేపు ఉదయం 10 గంటల్లోపు వివరాలు పంపవలెను. జాప్యం తీవ్రంగా పరిగణించబడును." కింద నోటెడ్ సార్, ఓకే సార్, ష్యూర్ సార్, ఆపైన దండాల బొమ్మల బారు. ఆ బారులోకి ఎవరో అమాయకపు ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల పంతులు, దూరతాడు: "సార్, మూడో తరగతిలో 402 లోంచి 178 తీసేయమంటే పిల్లలు ఆగిపోతున్నారు. పదుల ఇంట్లోనే సున్నా ఉంటే ఒకట్లకు అప్పెవరు ఇస్తారని అడుగుతున్నారు. మీరెలా చెబుతున్నారు?" నిమిషం తిరక్కుండానే జవాబు వస్తుంది: "దయచేసి గ్రూపులో అనవసర పోస్టులు పెట్టరాదు."

ఈ దేశంలో ఒక టీచరు సాటి టీచర్లను అడగదగిన అసలైన ప్రశ్న అదొక్కటే. దాన్నే అనవసరపు పద్దులో రాసేశారు. అవసరమైనవి వేరే ఉన్నాయి: మరుగుదొడ్డి ఫొటో, గుడ్ల లెక్క, శిక్షణలో కూర్చున్నట్టు ఫొటో, ఆ ఫొటో పంపినట్టు స్క్రీన్‌షాట్. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో హాజరుకు కూడా సొంత ఫోన్‌లోనే మొహం చూపించాలన్నారు. మా ఫోను, మా డేటా ఎందుకని సంఘాలు గొడవ చేశాయి. సాంకేతికత అంటే గిట్టనివాళ్లని పేరొచ్చింది.

మరి శిక్షణ మాటేమిటంటారా? అందులోనూ మనదే ముందడుగు. కేంద్రం 'నిష్ఠ' శిక్షణను ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు 2020 జులై 16న మొట్టమొదట కూర్చోబెట్టింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1200 మంది కీ రిసోర్స్ పర్సన్లనే. 2017లో మొదలైన 'దీక్షా' అనే సర్కారు ఆన్‌లైన్ వేదిక మీదకు ఆ మాడ్యూళ్లు వచ్చాయి. వీడియో నడుస్తుంది, సార్ వంకాయలు తరుగుతుంటారు. నడిచినంత మేరా నేర్చుకున్నట్టే లెక్క. చివర్లో క్విజ్ వస్తుంది, దాని జవాబులు అప్పటికే యూట్యూబ్‌లో సిద్ధంగా ఉంటాయి. నవ్వకండి! ఎవరో ఒకరు కష్టపడి కనిపెట్టి, పదిమందికీ పంచి, ఆ పదిమందీ మరో వందమందికి చేరవేసిన ఆ జవాబుల పట్టిక ఉందే, మొత్తం పథకంలో టీచర్లు టీచర్ల నుంచి నిజంగా నేర్చుకున్నది అదే. కొత్త విద్యావిధానం ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. యాభై గంటల వీడియోకు సరిపడా వంకాయలు దొరకాలి గానీ, మనవాళ్లు వెనుదీయరు.

ఆన్‌లైన్ కోర్సంటే ఇలాగే ఉండాలని ఎక్కడా లేదు. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం నుంచి జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టినవాళ్లు పాతికమంది, ఊరికే చేరినవాళ్లు రెండువేలకు పైనే. ఎవరైనా చేరగల భారీ ఆన్‌లైన్ కోర్సుకు మూక్ అన్న పేరు పుట్టింది దానితోనే. చేరినవాళ్లు ఎవరికి వారు రాశారు, ఒకరి రాతల మీద ఒకరు వాదించుకున్నారు. ఆ వాదనే పాఠం. దానిలోంచి మనవాళ్లు వాదనను ఏరి పారేసి వీడియోను దాచుకున్నారు.

పోనీ, కెనడా దూరం. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. టీచర్ల కేంద్రాల్లో చుట్టుపక్కల బడుల పంతుళ్లు కలుసుకుని, తాము చేసిన బొమ్మలూ చార్టులూ ముందేసుకుని మాట్లాడుకున్నారు. కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకరు మాదిరి పాఠం చెబితే మిగతావాళ్లు మంచీ చెడ్డా చెప్పడం తర్వాతా సాగింది. అక్కడ నెట్‌వర్కూ ఉంది, కామెంట్లూ ఉన్నాయి. లేనిది అడ్మిన్ మీట ఒక్కటే.

యాప్ పేరు బట్టీ పట్టించడమే శిక్షణ అనుకుంటే దానికి అంతుండదు. గూగుల్ ప్లస్ 2019లో పోయింది, ఎడ్మోడో 2022లో, జామ్‌బోర్డ్ 2024 ఆఖరున. 402 లోంచి 178 తీసేయలేక ఆగిపోయిన పిల్లవాడు మాత్రం అన్నిటికంటే ఎక్కువకాలం బతికి, పదో తరగతిలోనూ అక్కడే నిలబడి ఉంటాడు.

కాబట్టి చిన్న మనవి. మండలానికి ఒక్క గ్రూపుకైనా ఆ తాళం తీయండి. అందులో ఫొటోలు అడగొద్దు, దండాలు ఆశించొద్దు. తీసివేతల గురించి నలుగురు టీచర్లు నలభై రకాలుగా పోట్లాడుకుంటుంటే చూస్తూ ఊరుకోండి. చూస్తూ ఊరుకోవడం అలవాటు లేదంటే దానికీ శిక్షణ పెట్టుకోవచ్చు. రిసోర్స్ పర్సన్లుగా ఎస్జీటీలు వస్తారు. అధికారులు శ్రద్ధగా వింటున్నట్టు ఫొటోలు కూడా వాళ్లే తీసి ఎక్కిస్తారు, ఉదయం 10 గంటల్లోపు.