ఒక్కడే కొడుకు, రెండు కార్లు

"జనాభా పెరిగిపోతోందండీ, భూమి మోయలేకపోతోంది" అని నిట్టూర్చారు మా పై అంతస్తు పెద్దమనిషి. నిట్టూర్పు ఏసీ గదిలోంచే లెండి. ఆయనకు కొడుకు ఒక్కడే. కార్లు రెండు, ఏసీలు మూడు. కొత్తిమీర కట్ట కావాలన్నా పది నిమిషాల్లో గుమ్మంలోకి రావాలి, అదీ సంచిలో సంచి కట్టుకుని.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూస్తే ఒక్కో మహిళకు సగటున ఆంధ్రాలో 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటేనే 2.1 కావాలి. ఇద్దరిని మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా. ఇప్పుడు ముఖ్యమంత్రే కనండి కనండి అంటున్నారు. ఊయలలు ఖాళీ, చెత్తకుండీలు మాత్రం నిండుచూలాళ్లు!

120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులపై 2022 చివరి నుంచి నిషేధం ఉంది. ఆ కబురు మా వీధి కూరలబండి దాకా ఇంకా నడిచి రాలేదు.

పెద్దమనిషిగారింట్లో పనిచేసే ఆవిడకు ముగ్గురు పిల్లలు. "ఇదిగో, దేశం ఇలా ఉండటానికి కారణం వీళ్లే" అని గొంతు తగ్గించి చెప్పారాయన. ఆవిడ వాళ్లు పారేసిన బిర్యానీ డబ్బాలు కడిగి, పప్పులు పోసుకోవడానికి సంచిలో సర్దుకుంటోంది. గుడ్డ సంచి.

అంతలో ఆయన ఫోన్ మోగింది. కొత్తిమీర వచ్చేసింది.