ఒక్క బెజ్జం

"అన్నా, 3600 స్పీడుది, సీఎల్ 16ది రామ్ ఎంతయితాది?"

"ఎనిమిది జీబీవి రెండు కలిపి ఆరున్నర వేలు. నీ దగ్గర ఎంతుండాది?"

"నాలుగు."

హిందూపురంలో కంప్యూటర్లు బిగించే కొట్టు అది. అడిగినవాడు మడకశిర నుంచి బస్సు దిగి నేరుగా వచ్చిన కుర్రాడు. పాత రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో అప్పటికే కొనుక్కున్నాడు. ఓవర్‌క్లాక్ చేసి ఆటలు ఆడుకోవాలి, డిజైన్ పనీ చేసుకోవాలి. ఇక రామ్ ఒక్కటే బాకీ.

కొట్టాయన బిల్లుబుక్కు వెనక లెక్క వేసి చూపించాడు. పెట్టె మీద పెద్దగా వేసే సంఖ్య స్పీడు. సీఎల్ అంటే అడిగిన సమాచారం బయటికి రావడానికి పట్టే క్లాక్ సైకిళ్లు. సీఎల్‌ను రెండు వేలతో గుణించి స్పీడుతో భాగిస్తే ఎన్ని నానోసెకన్లు ఆగాలో తేలుతుంది. 3200 సీఎల్ 16కు 10 నానోసెకన్లు. 3600 సీఎల్ 18కీ అంతే, 10. అదే 3600 సీఎల్ 16 అయితే 8.9కి దిగుతుంది. ఆరున్నర వేలు అందుకే.

"నువ్వు 3200 సీఎల్ 16ది తీసుకో. 3800 రూపాయలకి ఇస్తా. పదహారు జీబీది ఒకటే స్టిక్కు వద్దు, ఎనిమిదివి రెండు పెట్టుకుంటే ప్రాసెసర్‌కు రెండు దార్లు దొరుకుతాయి. ప్రాసెసర్ పక్కనించి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటు. లైట్లు వెలిగేది వద్దు, ఆ డబ్బు లైట్లకే పోతాది. బయోస్‌లోకి పోయి ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యడం మర్చిపోవద్దు. చెయ్యకుంటే 3200ది కూడా 2133కో 2400కో నడుస్తా ఉంటాది."

"3200దాన్నే నేను 3600కి ఎక్కిచ్చుకుంటే?"

"ఎక్కితే ఎక్కుతాది. చిప్పును బట్టి ఉంటాదప్పా. కానీ ఒకమాట ఇను. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాత్రంతా నడుపు. ఒక్క తప్పు కూడా రాకుంటేనే దాంట్లో పని చెయ్యి. విండోస్ తెరుచుకుంటే చాలనుకోవద్దు. సర్వర్లలో వేసే రామ్‌కు ఎనిమిది చిప్పులకు తొమ్మిదో చిప్పు కాపలా ఉంటాది, తప్పు పడితే పట్టుకుంటాది. మన ఇండ్లల్లో వాడేదానికి ఆ కాపలా లేదు."

కుర్రాడు తలూపి, స్టిక్కులు సంచిలో పెట్టుకుని సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాడు.

ఆ ఇంటి ముందుగదిలో మగ్గం, వెనకగదిలో కంప్యూటర్. తండ్రి ముప్పై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. పట్టు, జరీ ధర్మవరం షావుకారు ఇస్తాడు. నేసిన చీరలు ఆయనకే చేరతాయి. ఈ మధ్యే షావుకారు ఈ కుర్రాడికి కూడా పని ఇచ్చాడు. గ్రాఫు కాగితం మీద గీసిన బుటాలను గడి గడీ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించి, గ్రాఫు తిరిగి ఇచ్చేయాలి. ఆ ఫైలు ధర్మవరంలో అట్టలు కొట్టే మిషన్‌కు పోతుంది. నల్లగడి ఉన్నచోట బెజ్జం పడుతుంది, తెల్లగడి ఉన్నచోట పడదు. ఆ అట్టలు మగ్గానికి తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దాంతో పడుగు దారం లేస్తుంది, దాని కింద జరీ పోతుంది. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ రూపొందించిన మగ్గం కూడా బెజ్జాల అట్టలతోనే నడిచింది. కంప్యూటర్ల తొలినాళ్లలో వాడిన పంచ్ కార్డులకు దారి చూపింది ఆ అట్టలే. నలుపు తెలుపు ఫైలులో ఒక గడి అంటే ఒక బిట్టు. అట్ట మీదికి వచ్చేసరికి ఆ బిట్టే ఒక బెజ్జం.

ఆ రాత్రే కుర్రాడు ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాడు. 3200 వచ్చింది. అక్కడితో ఆగలేదు. ఓల్టేజీ 1.35 నుంచి 1.4కి పెంచి, సీఎల్ 16 అట్లే ఉంచి, 3600 పెట్టాడు. విండోస్ తెరుచుకుంది. ఆట మునుపటికంటే సాఫీగా నడిచింది. ఆరున్నర వేల సరుకు 3800కే చేతికొచ్చిందని స్నేహితులకు ఫొటోలు పంపాడు. మెమ్‌టెస్ట్ రేపు చూద్దాంలే అనుకున్నాడు. రేపటికి షావుకారు డిజైన్ ఇవ్వాల్సి వచ్చింది. ఎల్లుండికి ఆ మాటే మరిచిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. పైన రేకులు, కింద కంప్యూటర్. వేడెక్కేకొద్దీ రామ్ చిప్పుల్లో దాచిన విద్యుత్తు తొందరగా కారిపోతుంది. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ ఉండేది రామ్‌లోనే. సేవ్ కొడితే అప్పుడు రామ్‌లో ఏముందో అదే డిస్కుకు ఎక్కుతుంది.

కొత్త డిజైన్ అట్టలు ధర్మవరం నుంచి వచ్చాయి. తండ్రి జకార్డు మగ్గానికి తగిలించి నేత మొదలుపెట్టాడు. కాసేపటికి ముందుగదిలోంచి పిలిచాడు.

"అబ్బోడా, పువ్వు నడుమ ఒక చుక్క పడతాండాది. ఒకసారి చూస్తావా?"

కుర్రాడు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపాడు. ఆట మంచి పట్టులో ఉంది.

"కంప్యూటర్ కొట్టిన అట్టలు నాయనా. తప్పుండదు. నెయ్యి."

మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ డిజైన్‌తో మూడు చీరలు పూర్తయ్యాక తండ్రీకొడుకులు హిందూపురం, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయారు. షావుకారు తెల్ల దుప్పటి మీద చీర పరిచి, ఒక బుటా మీద వేలు పెట్టి ఆగాడు. పక్క బుటా చూశాడు. ఆ పక్కదీ చూశాడు. జకార్డులో ఒక్కో కొక్కేనికి చీర వెడల్పునా దారాలు కట్టి ఉంటాయి కాబట్టి, ఒక్క బెజ్జం తప్పితే వరసలో ఉన్న బుటాలన్నిటా అదే తప్పు పడుతుంది. షావుకారు పెట్టెలోంచి గ్రాఫు తీసి పక్కన పెట్టాడు. పువ్వు నడుమ ఆ గడి ఖాళీగా ఉంది. చీరలో మాత్రం ప్రతి పువ్వులోనూ జరీ తెగి చుక్క కనిపిస్తోంది.

షావుకారు కుర్రాడి వైపు తల తిప్పేలోపే తండ్రి ముందుకు వచ్చాడు.

"సామీ, ఆ అట్ట చినిగిపోతే నేనే వేరే అట్ట కొట్టి కట్టినా. బెజ్జం ఒకటి ఎక్కువ పడినట్టుండాది. తప్పు నాది."

మూడు చీరల కూలిలో షావుకారు ఆరు వేలు కోసుకున్నాడు. "నీకు ఇంక బుటా పని వద్దులే పెద్దాయనా, సాదా చీరలు నెయ్యి" అన్నాడు. సాదా చీరకు కూలి తక్కువ. కుర్రాడికి మాత్రం ఇంకో రెండు డిజైన్లు ఇచ్చాడు.

తిరుగు బస్సులో కుర్రాడు ఊరుకోలేకపోయాడు.

"నాతో చెప్పింటే కొత్త అట్ట కొట్టిచ్చి తెస్తుంటి కదా నాయనా. మిషన్ కొట్టినదాంట్లో నువ్వు చెయ్యి పెడితే ఇట్లనే అయితాది."

"అవునప్పా" అన్నాడు తండ్రి.

తర్వాత కొన్నాళ్లకు ఆట మధ్యలో నీలం తెర రావడం మొదలైంది. కుర్రాడు కంప్యూటర్ మోసుకుని హిందూపురం పోయాడు. కొట్టాయన మెమ్‌టెస్ట్ పెట్టాడు. టీ తాగి వచ్చేలోపు తెర మీద ఎర్రగీతలు పడ్డాయి.

"ఎంతకు పెట్టినావు?"

"3600కి."

"రాత్రంతా నడిపి చూసినావా?"

కుర్రాడు నోరు విప్పలేదు. కొట్టాయన మళ్లీ 3200కి దించి, రాత్రంతా నడిపాడు. పొద్దుటికి ఒక్క తప్పూ లేదు.

"రామ్ మంచిదే. దాని తాహతుకు మించి పరిగెత్తిచ్చినావు. ఇన్నాళ్లూ దీంట్లో చేసిన ఫైళ్లన్నీ ఒకసారి సరిచూసుకో."

ఇంటికి రాగానే కుర్రాడు ఆ బుటా ఫైలు తెరిచి పెద్దది చేసి చూశాడు. పువ్వు నడుమ ఒక గడి నల్లగా ఉంది. ఆ నలుపు తాను పెట్టింది కాదు. అటక మీంచి అట్టల కట్ట దించాడు. ఒక్కో అట్టా తిప్పి చూశాడు. అన్నిటి మీదా మిషన్ వేసిన నంబర్లే, వరస తప్పకుండా. అట్టకు అట్టకు మధ్య ధర్మవరంలో కుట్టిన దారం ఎక్కడా విప్పింది లేదు, ముడి వేసింది లేదు. తండ్రి మార్చి కట్టానన్న అట్ట ఆ కట్టలో లేనేలేదు.

కట్ట చేత్తో పట్టుకునే ముందుగదిలోకి వచ్చాడు. తండ్రి సాదా చీర నేస్తున్నాడు.

"నాయనా, అట్టలో తప్పుండాదని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి పువ్వుకే."

"మరి అట్లే ఎందుకు నేసినావు?"

తండ్రి నాడె ఆపి కొడుకు మొహంలోకి చూశాడు.

"నిన్ను అడిగితి గదప్పా. తప్పుండదంటివి. ముప్పై ఏండ్ల నా కన్నును కాదని నిన్ను నమ్మితి."